ఫ్లైట్ డిస్పాచర్ పని: రిలీజ్ మీద సంతకానికి ముందూ, ఆ తర్వాతా

విమానం ఏ దారిన పోవాలి, ఎంత ఎత్తులో ఎగరాలి, ఎంత ఇంధనం నింపుకోవాలి, అనుకున్న చోట దిగలేకపోతే ఎటు మళ్లాలి (ఆ చోటే ఆల్టర్నేట్) అన్న లెక్కలన్నీ ఇప్పుడు ఫ్లైట్ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ నిమిషంలో కట్టేస్తుంది. మరి డిస్పాచర్ దేనికి? ఆ లెక్కని నమ్మొచ్చా లేదా అని తేల్చి, విమానం పంపొచ్చన్న పత్రం (రిలీజ్) కింద తన పేరు పెట్టడానికి. సాఫ్ట్‌వేర్ తనకిచ్చిన అంకెలతో తప్పులేని లెక్క చేస్తుంది. ఇచ్చిన అంకెలే తప్పయితే తప్పు ప్లాన్ కూడా అంతే అందంగా అచ్చవుతుంది. ఈ ఉద్యోగంలో కష్టమంతా అక్కడే ఉంది.

ఈ మార్గదర్శి ఇప్పుడిప్పుడే ఈ పనిలోకి వస్తున్నవాళ్లకీ, రావాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకీ. ఒక షిఫ్ట్‌లో పని ఏ వరుసలో సాగుతుందో ఆ వరుసలోనే రాశాం.

ముందుగా: మీ సంతకానికి విలువెంత?

అది మీ సంస్థ ఏ దేశపు నిబంధనల కింద నడుస్తోందో దాన్నిబట్టి మారుతుంది. అమెరికాలో షెడ్యూల్డ్ ఎయిర్‌లైన్ల నిబంధనల ప్రకారం విమానం బయలుదేరే ముందు ప్లానింగ్‌కీ, ఆలస్యానికీ, రిలీజ్‌కీ కెప్టెన్, డిస్పాచర్ ఇద్దరిదీ ఉమ్మడి బాధ్యత. ఇద్దరిలో ఎవరు ఒప్పుకోకపోయినా విమానం కదలదు. దీని వెనక ఒక చరిత్ర ఉంది. 1935 మే 6న టీడబ్ల్యూఏ అనే అమెరికా ఎయిర్‌లైన్ వారి డీసీ-2 విమానం ఇంధనం అడుగంటిన స్థితిలో, పొగమంచులో, మిస్సోరి రాష్ట్రంలో కూలిపోయింది. సెనేటర్ బ్రాన్సన్ కటింగ్ అందులో చనిపోయారు. ఆ తర్వాత జరిగిన విచారణల వేడిలోంచే 1938 నాటి సివిల్ ఏరోనాటిక్స్ చట్టం వచ్చింది. డిస్పాచర్‌కి లైసెన్స్ ఉండాలన్న పద్ధతి అక్కడినుంచి మొదలైంది.

యూరప్‌లో పరిస్థితి వేరు. అక్కడి ఉమ్మడి నిబంధనల్లో డిస్పాచర్‌కి లైసెన్స్ తప్పనిసరి కాదు, చివరి మాట కమాండర్‌దే, అంటే కెప్టెన్‌దే. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ఆరో అనుబంధం రెండు పద్ధతులకీ చోటిస్తుంది, ఒకటో అనుబంధంలో లైసెన్స్ ప్రమాణాలు ఉంటాయి. కాబట్టి ఇంటర్వ్యూకి వెళ్లే ముందే ఒక ప్రశ్న సిద్ధం చేసుకోండి: "ఇక్కడ డిస్పాచర్ కాదంటే విమానం ఆగుతుందా?" ఆ జవాబుతో మీరు చేయబోయేది నిర్ణయాలు తీసుకునే పనో, కాగితాలు పంపే పనో తెలిసిపోతుంది. రెండూ గౌరవమైన పనులే, కానీ రెండూ ఒకటి కాదు.

లైసెన్స్

అమెరికా పద్ధతినే ఉదాహరణగా తీసుకుంటే, రాత పరీక్ష 21 ఏళ్లకే రాయొచ్చు, లైసెన్స్ మాత్రం 23 నిండాకే చేతికొస్తుంది. ఆమోదం పొందిన కోర్సు కనీసం 200 గంటలు. రాత పరీక్షలో 80 ప్రశ్నలు, 3 గంటల సమయం, 70 శాతం వస్తే పాస్. ప్రశ్నలు బట్టీపట్టి రాత గట్టెక్కేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లు తడబడేది తర్వాత వచ్చే ప్రాక్టికల్‌లో. ఎగ్జామినర్ ఎదురుగా కూర్చుని వాతావరణం చూసి, చేత్తో లెక్కలు వేసి, ఒక ఫ్లైట్‌ని మొత్తం ప్లాన్ చేయాలి. "ఈ ఆల్టర్నేట్ ఎందుకు ఎంచుకున్నావు?" అంటే "సాఫ్ట్‌వేర్ చూపించింది" అన్నది జవాబు కాదు. చదివేటప్పుడు ప్రతి నిబంధనకీ పక్కన "ఇది లేకపోతే ఏం జరిగేది?" అని ఒక వాక్యం రాసుకోండి. మౌఖిక పరీక్షలో ఆ వాక్యాలే ఆదుకుంటాయి.

ఉద్యోగంలో చేరాక విమాన రకాలు, కంపెనీ మాన్యువల్స్, డెస్క్ శిక్షణ ఉంటాయి. ఏడాదికోసారి కాక్‌పిట్‌లో కూర్చుని కనీసం 5 గంటలు ప్రయాణం గమనించాలన్న నియమం కూడా అమెరికాలో ఉంది. దాన్ని మొక్కుబడిగా తీసుకోకండి. మీరు పంపిన మెసేజ్‌ని అప్రోచ్ (దిగడానికి రన్‌వే వైపు వచ్చే దశ) మధ్యలో చదవడం ఎంత కష్టమో అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది.

మొదటి అడుగు: హ్యాండోవర్

షిఫ్ట్‌కి 15 నిమిషాలు ముందు రండి. దిగిపోయే డిస్పాచర్ చెప్పేది వింటూ మీరే రాసుకోండి. గాల్లో ఉన్న విమానాల్లో దేనికి సమస్య ఉంది, రిలీజ్ అయ్యి ఇంకా బయలుదేరనివి ఏవి, ఏ విమానాశ్రయంలో రన్‌వే మూశారు, ఎవరికి ఏం చెబుతామని మాటిచ్చారు. ఆఖరిది అడక్కపోతే ఎవరూ చెప్పరు. "కెప్టెన్‌కి కొత్త వాతావరణం పంపుతానన్నాను" అన్న మాట పాత డిస్పాచర్‌తో పాటే ఇంటికెళ్లిపోతుంది.

రిలీజ్ అయ్యి ఇంకా నేలమీదే ఉన్న విమానాల్ని మళ్లీ మొదటినుంచి చూడండి. రెండు గంటల కిందటి వాతావరణంతో చేసిన రిలీజ్ అది. సంతకం పాత డిస్పాచర్‌ది కావచ్చు, కానీ ఇప్పుడు ఆ విమానం మీది.

రెండో అడుగు: వాతావరణం

ముందు పెద్ద పటం, తర్వాతే అంకెలు. సిగ్నిఫికెంట్ వెదర్ చార్ట్, ఉపగ్రహ చిత్రం, సిగ్‌మెట్లు (ప్రమాదకర వాతావరణ హెచ్చరికలు) చూసి ఈరోజు శత్రువు ఎవరో తేల్చుకోండి: పొగమంచా, ఉరుముల వరసా, జెట్ స్ట్రీమ్ కుదుపులా, అగ్నిపర్వతపు బూడిదా. మామూలు సిగ్‌మెట్ గరిష్ఠంగా 4 గంటలు, బూడిదకీ తుపానుకీ ఇచ్చేది 6 గంటలు చెల్లుతుంది. ఆ తర్వాత మెటార్ (విమానాశ్రయంలో ఇప్పుడున్న వాతావరణం), టాఫ్ (అక్కడి వాతావరణ అంచనా) తెరవండి.

టాఫ్ చదవడంలో కొత్తవాళ్లు చేసే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే: చేరే సమయం దగ్గరున్న వాక్యం ఒక్కటే చదవడం. ఉదాహరణకి విమానం చేరే సమయం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) 15:20. టాఫ్‌లో ఆ సమయానికి ఆకాశం బాగుంది. కానీ కింద ఒక టెంపో (తాత్కాలిక మార్పు) ఉంది: 16 నుంచి 19 దాకా ఉరుములతో వాన, దృశ్యత 1500 మీటర్లు. "మనం 15:20కే దిగిపోతాం కదా" అనిపిస్తుంది. అమెరికా దేశీయ నిబంధన ప్రకారం ఆల్టర్నేట్ లేకుండా పంపాలంటే, చేరే సమయానికి గంట ముందునుంచి గంట తర్వాత దాకా మేఘాల అడుగు కనీసం 2000 అడుగులు, దృశ్యత 3 మైళ్లు ఉండాలి. మన కిటికీ 14:20 నుంచి 16:20. ఆ టెంపో ఇందులోకి 20 నిమిషాలు చొరబడింది. ఆల్టర్నేట్ పెట్టాల్సిందే. పైగా ఉరుములు టాఫ్ చూసి రావు, 16 అన్నది 15:15 కూడా కావచ్చు.

టెంపో అంటే ఒక్కోసారి గంటకన్నా తక్కువసేపు, మొత్తం కలిపితే ఆ వ్యవధిలో సగానికన్నా తక్కువ అని అర్థం. బికమింగ్ అంటే మార్పు వచ్చి ఉండిపోతుంది. వాతావరణం చెడే బికమింగ్‌ని దాని మొదటి నిమిషం నుంచీ, బాగుపడే బికమింగ్‌ని దాని చివరి నిమిషం నుంచీ లెక్కలోకి తీసుకోండి. ప్రాబ్ 30, ప్రాబ్ 40లను, అంటే 30, 40 శాతం అవకాశమున్న వాతావరణాన్ని, మీ సంస్థ మాన్యువల్ ఎలా చూడమంటోందో ఆ పేజీకి గుర్తు పెట్టుకోండి.

పొగమంచుకి టాఫ్ కంటే మెటార్ల వరుసే ఎక్కువ చెబుతుంది. గత మూడు నాలుగు మెటార్లు పక్కపక్కన పెట్టి ఉష్ణోగ్రతకీ డ్యూ పాయింట్‌కీ (గాలిలో తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) మధ్య తేడా చూడండి. రాత్రి గాలి దాదాపు ఆగిపోయి, ఆకాశం తేటగా ఉండి, తేడా 4 నుంచి 2కి, 2 నుంచి 1కి దిగుతుంటే టాఫ్ ఏం రాసినా మీరు పొగమంచుకి సిద్ధపడాల్సిందే.

ఆల్టర్నేట్ ఎంచుకునేటప్పుడు దగ్గరిదని మురిసిపోకండి. 40 కిలోమీటర్ల దూరంలో, అదే నదీలోయలో ఉన్న విమానాశ్రయం ఇంధనాన్ని ఆదా చేస్తుంది. కానీ మంచు రెండింటినీ కలిపే మింగుతుంది. వాతావరణం కాక ఇంకా చూడాల్సినవి ఉన్నాయి: రాత్రి తెరిచి ఉంటుందా, మీ విమానం పరిమాణానికి తగ్గ అగ్నిమాపక కేటగిరీ ఉందా, పార్కింగ్ ఉందా, ఇంధనం దొరుకుతుందా, తలుపు ఎత్తుకి సరిపడే మెట్లున్నాయా, అంతర్జాతీయ ఫ్లైట్ అయితే కస్టమ్స్ ఉందా. మెట్లు లేవని తెలియడానికి విమానం అక్కడ దిగేదాకా ఆగక్కర్లేదు.

మూడో అడుగు: నోటమ్‌లు

నోటమ్‌లు, అంటే విమానాశ్రయాల్లో, గగనతలంలో మార్పుల గురించిన నోటీసులు, వందల్లో ఉంటాయి, పనికొచ్చేవి పది. ఆ పదింటిని పట్టుకోవడమే పని. 2017 జూలై 7న ఎయిర్ కెనడా 759 శాన్‌ఫ్రాన్సిస్కోలో రన్‌వే అనుకుని ట్యాక్సీవే (విమానాలు నేలమీద నడిచే దారి) మీదకి దిగబోయింది. ఆ ట్యాక్సీవే మీద నాలుగు విమానాలు వరసగా నిలబడి ఉన్నాయి. పక్కనున్న 28 ఎడమ రన్‌వే మూసి, దీపాలు ఆర్పేశారు. ఆ సంగతి చెప్పే నోటమ్ పైలట్లకిచ్చిన 27 పేజీల కట్టలో 8వ పేజీలో ఉంది. సమాచారం ఇచ్చారు, కానీ అది అందలేదు.

అందుకే వడపోత ఈ వరుసలో చేయండి. ముందు రన్‌వేలు: మూసివేతలు, పొడవు తగ్గింపు, జరిపిన థ్రెషోల్డ్ (దిగడానికి వాడే రన్‌వే మొదలు). తర్వాత అప్రోచ్ పరికరాలు: ఐఎల్ఎస్ (రన్‌వేకి దారి చూపే రేడియో వ్యవస్థ) పనిచేయకపోతే మీ కనీస దృశ్యత మారుతుంది, దాంతో ఆల్టర్నేట్ అర్హత కూడా మారుతుంది. ఆ తర్వాత అగ్నిమాపక కేటగిరీ తగ్గింపు, ఇంధన కొరత, విమానాశ్రయ సమయాలు. చివరికి దారిలోని గగనతలం: మూసిన ప్రాంతాలు, రాకెట్, క్షిపణి ప్రయోగాలు, జీపీఎస్ అంతరాయాలు. ట్యాక్సీవే అంచు దీపాల గురించీ, దూరంగా ఉన్న క్రేన్ల గురించీ వచ్చేవి ఆఖర్న.

రెండు జాగ్రత్తలు. నోటమ్‌లోని సమయాలన్నీ యూటీసీలోనే ఉంటాయి. డెస్క్ మీద స్థానిక సమయం చూపే గడియారం ఒక్కటే ఉంటే ఎప్పుడో ఒకప్పుడు కొంప మునుగుతుంది. ఇక ముఖ్యమైన రెండు మూడింటిని రిలీజ్ రిమార్క్స్‌లో మీ మాటల్లో పైన రాయండి. "28 ఎడమ రాత్రంతా మూత, దీపాలు లేవు, 28 కుడి వాడండి" అన్న ఒక్క లైను 27 పేజీల కన్నా నయం.

మంచు పడే చోట్ల రన్‌వే స్థితిని 0 నుంచి 6 దాకా కోడ్‌తో, రన్‌వేని మూడు ముక్కలుగా విడగొట్టి చెబుతారు. 6 అంటే పొడి, 0 అంటే దిగకూడని జారుడు. ఈ పద్ధతి 2021 నవంబర్ 4 నుంచి ప్రపంచమంతా వర్తిస్తోంది. మీరు దిగే దిశలో చదివితే 5, 5, 2 అని వస్తే రన్‌వే చివరి మూడో భాగంలో, బ్రేకులు గట్టిగా అవసరమైన చోట, పట్టు లేదని తెలుసుకోండి.

నాలుగో అడుగు: ఏ విమానం?

ఏ రకం అని కాదు, ఏ రిజిస్ట్రేషన్ అని. ప్రతి విమానానికీ దాని ఖాళీ బరువు వేరు, ఇంజిన్ అరుగుదల వేరు, వాయిదా వేసిన మరమ్మతులు వేరు. ఏది పనిచేయకపోయినా ఎగరొచ్చో, ఏ షరతుల మీద ఎగరొచ్చో కనీస పరికరాల జాబితా, అంటే ఎంఈఎల్ చెబుతుంది. బాగుచేయడానికి గడువులు కూడా అందులోనే: బీ వర్గానికి 3 రోజులు, సీకి 10, డీకి 120. లోపం కనబడిన రోజు లెక్కలోకి రాదు. 'ఏ' (A) వర్గానికి గడువు ఆ అంశం పక్కనే రాసి ఉంటుంది.

ఎంఈఎల్ చదివి "ఓకే, ఎగరొచ్చు" అని వదిలేయడం సగం పనే. ఆ లోపం ప్లాన్‌లో ఎక్కడ తగులుతుందో వెతకాలి. ఎయిర్ కండిషనింగ్ ప్యాక్ ఒకటి పోతే కొన్ని రకాల విమానాలు 25,000 అడుగులు దాటకూడదు. అంటే ఇంధనం పెరుగుతుంది, దారిలోని ఉరుముల మీదుగా పోలేరు. యాంటీ-ఐస్ పనిచేయకపోతే మంచు పేరుకునే మేఘాలున్న దారి మూసుకుపోయినట్టే. యాంటీ-స్కిడ్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు జారకుండా చూసే వ్యవస్థ) లేకపోతే తడి రన్‌వే మీద ఆగే దూరం అమాంతం పెరుగుతుంది. ఏపీయూ (తోకలో ఉండే చిన్న సహాయక ఇంజిన్) పోతే గాల్లో పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు. కానీ చేరిన చోట, ఆల్టర్నేట్‌లోనూ, ఇంజిన్ స్టార్ట్ చేయడానికి ఎయిర్ స్టార్ట్ యూనిట్ ఉందో లేదో ఫోన్ చేసి అడగండి.

ఈ పనిలో అతి మామూలుగా జరిగి, అతి సులభంగా దెబ్బతీసేది టెయిల్ మార్పు. బయలుదేరడానికి 50 నిమిషాల ముందు విమానం మార్చారు, అదే రకం, అదే సీట్ల సంఖ్య. స్క్రీన్ మీద రిజిస్ట్రేషన్ ఒక్కటే మారినట్టుంటుంది. కానీ కొత్త విమానంలో ఎత్తు నిలిపే వ్యవస్థలో ఒక భాగం వాయిదాలో ఉంది, కాబట్టి అది ఆర్‌వీఎస్ఎమ్‌కి (పైఎత్తుల్లో విమానాల మధ్య నిలువు ఎడం తగ్గించే పద్ధతికి) పనికిరాదు. అంటే 29,000 నుంచి 41,000 అడుగుల మధ్య మామూలు అనుమతితో పోలేదు. ఏటీసీకి (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌కి) పంపిన ఫ్లైట్ ప్లాన్‌లో పదో అంశంలోని డబ్ల్యూ అక్షరం తీసేయాలి, 28,000 దగ్గర కొత్త ప్లాన్ చేయాలి, ఇంధనం పెంచాలి, పెరిగిన బరువుతో టేకాఫ్ లెక్క మళ్లీ వేయాలి. రిజిస్ట్రేషన్ మారిందంటే పాత ప్లాన్ చచ్చిపోయిందనే అనుకోండి. దిద్దకండి, కొత్తది చేయండి.

ఐదో అడుగు: ఇంధనం

ఇక్కడ నెమ్మదిగా నడుద్దాం. ఐకావో ప్రమాణాల ప్రకారం జెట్ విమానానికి మెట్టుమెట్టుగా ఇలా పేరుస్తారు. రెండు ఇంజిన్ల సన్నటి విమానం, 2 గంటల 20 నిమిషాల ప్రయాణం అనుకుందాం. అంకెలు ఉదాహరణకి వేసినవి, నిజానికి దగ్గరగానే ఉంటాయి.

ట్యాక్సీ: 200 కిలోలు
ట్రిప్ (గమ్యం దాకా): 5,600 కిలోలు
కంటింజెన్సీ: 280 కిలోలు
ఆల్టర్నేట్: 1,450 కిలోలు
ఫైనల్ రిజర్వ్: 1,150 కిలోలు
మొత్తం: 8,680 కిలోలు

కంటింజెన్సీ (అనుకోని అవసరాలకి ఉంచేది) అంటే ట్రిప్‌లో 5 శాతం, లేదా 1500 అడుగుల దగ్గర 5 నిమిషాల హోల్డింగ్‌కి (గాల్లో చక్కర్లు కొడుతూ ఆగడానికి) కాలేది, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. ఫైనల్ రిజర్వ్ 30 నిమిషాల హోల్డింగ్ ఇంధనం. మన లెక్కలో నిమిషానికి సుమారు 38 కిలోలు, 5 నిమిషాలకి 190. ట్రిప్‌లో 5 శాతం 280 కాబట్టి 280 తీసుకున్నాం. అమెరికా దేశీయ నిబంధన వేరుగా ఉంటుంది: గమ్యానికి, అక్కడినుంచి ఆల్టర్నేట్‌కి, ఆ పైన మామూలు క్రూయిజ్ వేగంతో 45 నిమిషాలు.

ఇప్పుడు బరువులు. ప్రయాణికులు, సరుకుతో కలిపి ఇంధనం లేని బరువు 60,500 అనుకోండి. టేకాఫ్ నాటికి ట్యాక్సీ ఇంధనం పోతుంది, 68,980. ట్రిప్ కాలిపోయాక దిగే బరువు 63,380. దిగడానికి గరిష్ఠం 66,000 అయితే ఇంకా 2,620 జాగా ఉంది. గమ్యం దగ్గర ఉరుములున్నాయని కెప్టెన్ 1,000 కిలోలు అదనంగా అడిగారు. ఇవ్వండి. ఆ అదనాన్ని మోయడానికే గంటకి మూడు నాలుగు శాతం కాలుతుంది. 80 కిలోలు పోగా 920 చేతికి మిగులుతుంది.

అరగంట తర్వాత లోడ్ కంట్రోల్ నుంచి ఫోన్: సరుకు 2,000 కిలోలు పెరిగింది. ఇంధనం లేని బరువు ఇప్పుడు 62,500, ఈ విమానానికి గరిష్ఠం కూడా అదే అనుకోండి. దిగే బరువు 65,380. దానికి ఆ 920 కలిపితే 66,300, పరిమితి 300 కిలోలు దాటింది. బరువు పెరిగినందుకు ట్రిప్ ఇంధనం కూడా కాస్త పెరుగుతుంది, ఆ ముచ్చట వేరు. డిస్పాచర్ నిజంగా జీతం సంపాదించుకునే క్షణం ఇదే. తోవలు మూడున్నాయి. అదనపు ఇంధనం 650కి తగ్గించడం, సరుకులో 300 దించడం, లేదా వాతావరణం అనుమతిస్తే దగ్గరి ఆల్టర్నేట్ పెట్టి అదే బరువులో హోల్డింగ్ నిమిషాలు పెంచడం. ఉరుములున్న రోజు మొదటిది చివరగా ఆలోచించండి. సరుకు రేపు వెళ్తుంది. సరుకు దించమంటే వాణిజ్య విభాగం నుంచి గొంతు పెద్దదవుతుంది. జవాబుగా అంకెలు పంపండి, వాదన పెట్టుకోకండి.

ఇంధనం విషయంలో ఇంకో రెండు. నింపేవాళ్లు లీటర్లలో కొలుస్తారు, మీరు కిలోల్లో లెక్కేస్తారు. లీటరుకి దాదాపు 0.8 కిలో. 1983 జూలైలో ఎయిర్ కెనడా 767 విమానానికి కిలోల లెక్కలో 1.77 అనే పౌండ్ల అంకె వాడారు. కావలసిన దాంట్లో సగానికన్నా తక్కువ ఇంధనంతో ఎగిరి, ఇంజిన్లు ఆగిపోయి, గిమ్లీలో గ్లైడ్ చేస్తూ దిగింది. ఇక ఫైనల్ రిజర్వ్ అనేది ప్లాన్‌లో వాడుకోడానికి పెట్టింది కాదు. 2016 నవంబర్ 28న బొలీవియా నుంచి కొలంబియాలోని మెడెలిన్‌కి బయలుదేరిన లామియా విమానం ఫ్లైట్ ప్లాన్‌లో ప్రయాణ సమయం 4 గంటల 22 నిమిషాలు, ఇంధనం సరిపడే సమయం కూడా 4 గంటల 22 నిమిషాలే. ఆ రెండు గడులూ ఒకే కాగితం మీద ఉన్నాయి. 77 మందిలో 71 మంది చనిపోయారు. ఫ్లైట్ ప్లాన్ పంపేముందు 16వ అంశంలోని ప్రయాణ సమయాన్నీ, 19వ అంశంలోని ఎండ్యూరెన్స్‌నీ పక్కపక్కన చదవడానికి పట్టేది మూడు సెకన్లు.

ఆరో అడుగు: ఫైలింగ్, రిలీజ్, కెప్టెన్‌తో మాట

ఏటీసీ ఫ్లైట్ ప్లాన్ కనీసం గంట ముందు చేరాలి, ఐదు రోజుల ముందునుంచీ పంపొచ్చు. బయలుదేరే సమయం 30 నిమిషాలు దాటి ఆలస్యమైతే డిలే మెసేజ్ పంపండి. యూరప్‌లో ఆ హద్దు 15 నిమిషాలే. అక్కడ స్లాట్ ఇచ్చారంటే ఆ సమయానికి 5 నిమిషాల ముందునుంచి 10 నిమిషాల తర్వాత దాకా మాత్రమే టేకాఫ్. తప్పితే మళ్లీ క్యూ చివర. ప్లాన్ పంపాక ఆమోదపు మెసేజ్ వచ్చిందో లేదో చూడండి. పంపాను కదా అని ఊరుకుంటే, డెలివరీ ఫ్రీక్వెన్సీలో (బయలుదేరే అనుమతి ఇచ్చే ఏటీసీ రేడియోలో) పైలట్‌కి "మీ ప్లాన్ మా దగ్గర లేదు" అన్న జవాబు వస్తుంది.

కెప్టెన్ ఫోన్ చేస్తే ఒక నిమిషంలో చెప్పగలగాలి: ఈరోజు బెడద ఏమిటి, అందుకు ఏం చేశాను, ఏమైతే ప్లాన్ మారుస్తాను. అభిప్రాయం కుదరకపోతే ఇద్దరిలో ఎవరిది ఎక్కువ జాగ్రత్తైన మాటో దాని వైపు వెళ్లడం మంచి పద్ధతి. కెప్టెన్ ఎక్కువ ఇంధనం అడిగితే కారణం అడగండి, వాదించడానికి కాదు. ఆయనకి కనబడింది మీకు కనబడలేదేమో అది తెలియడానికి.

ఏడో అడుగు: ఎగిరాక

బయట వాళ్లకి తెలియనిది ఇదే. విమానం ఎగిరాక పని సగమే అయింది. దేశీయ డెస్క్ మీద ఒకేసారి పదుల విమానాలు ఉండొచ్చు, అన్నిటినీ సమానంగా చూడటం ఎవరి వల్లా కాదు. గమ్యంలో వాతావరణం చెడుతున్నవి, ఇంధనం బొటాబొటిగా ఉన్నవి, దారి మార్చుకున్నవి, ఈ మూడు రకాలకీ స్క్రీన్ మీద రంగు గుర్తు పెట్టుకోండి. ఒక్కో పాయింట్ దగ్గర మిగిలిన ఇంధనాన్ని ప్లాన్‌తో పోల్చండి. ఒక చోట 150 కిలోలు తక్కువుంటే గాలి కావచ్చు. వరసగా మూడు చోట్ల తగ్గుతూ పోతుంటే ఎత్తు దొరకలేదో, లీకో, ప్లాన్‌లో బరువు తప్పో వెతకాలి.

ఏకార్స్ (విమానానికి రాత సందేశాలు పంపే వ్యవస్థ) మెసేజ్ పొట్టిగా, ముందు నిర్ణయం తర్వాత కారణం వచ్చేలా రాయండి. పైలట్ ఆ చిన్న తెరలో మొదటి రెండు లైన్లే ఒక్క చూపులో చదవగలడు.

ఇక డైవర్షన్, అంటే వేరే చోటికి మళ్లడం. సరుకు పెరగని రోజే అనుకుందాం. ఇందాకటి విమానం గమ్యం దగ్గరికి 3,800 కిలోలతో వచ్చింది. రన్‌వే మీద ఉరుములు, హోల్డింగ్‌లో పెట్టారు. ఆల్టర్నేట్‌కీ ఫైనల్ రిజర్వ్‌కీ కలిపి 2,600 కావాలి. మిగిలింది 1,200, నిమిషానికి 38 చొప్పున 31 నిమిషాలు. అందులో 24 నిమిషాలు కెప్టెన్ అడిగి తీసుకున్న ఆ 1,000 కిలోల పుణ్యమే. ఈ లెక్క హోల్డింగ్ మొదలైన వెంటనే వేసి, ఏ సమయానికి వదిలి వెళ్లాలో గడియారం అంకెగా కెప్టెన్‌తో సరిచూసుకోండి. అదే నిమిషంలో ఆల్టర్నేట్‌కి ఫోన్ చేయండి, ఎందుకంటే అక్కడికే మరో పది విమానాలు బయలుదేరి ఉంటాయి. పార్కింగ్ నిండిపోయిందంటే రెండో ఆల్టర్నేట్‌ని ఇప్పుడే లెక్కించాలి, పదిహేను నిమిషాల తర్వాత లెక్కించడానికి ఇంధనం ఉండదు. ఆ తర్వాత ఆపరేషన్స్ మేనేజర్‌కి, స్టేషన్‌కి, సిబ్బంది షెడ్యూలింగ్‌కి చెప్పండి. సిబ్బంది డ్యూటీ గంటలు మిగిలి లేకపోతే ఇంధనం నింపినా విమానం తిరిగి ఎగరదు. ప్రయాణికులు ఎక్కువగా ఇరుక్కునేది దీనివల్లే.

ఏ మార్పు వచ్చినా ఫైనల్ రిజర్వ్‌లో చెయ్యి పడేలా ఉంటే పైలట్ "మినిమమ్ ఫ్యూయెల్" అంటాడు. దిగేసరికి అది నిలవదని లెక్క తేలితే "మేడే ఫ్యూయెల్". మొదటి మాటకి ఏటీసీ ప్రాధాన్యం ఇవ్వదు, పరిస్థితి తెలుసుకుంటుందంతే. ఈ తేడా తెలియక మొదటి మాట వినగానే నిశ్చింతగా కూర్చునేవాళ్లు ఉన్నారు.

గదిలో జీవితం

కిటికీలు లేని గది, నాలుగు తెరలు, మూడు ఫోన్లు. పండగలు, రాత్రుళ్లు, తుపాను రోజులు మీవే. అమెరికాలో డిస్పాచర్‌కి వరసగా 10 గంటలకి మించి డ్యూటీ వేయకూడదు, వారంలో ఒకసారి 24 గంటలు సెలవు ఉండాలి. నిబంధన ఎలా ఉన్నా తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య బుర్ర మందగిస్తుంది. ఆ సమయంలో చేసిన రిలీజ్‌ని పంపేముందు వెనకనుంచి ముందుకి చదవండి: ముందు మొత్తం ఇంధనం, తర్వాత దాని ముక్కలు, తర్వాత బరువు, చివరికి రిజిస్ట్రేషన్. అలవాటైన వరుసలో చదివితే కన్ను తప్పుల మీదుగా జారిపోతుంది.

ఎక్కువ రద్దీ లేని షిఫ్ట్‌లే ఎక్కువ ప్రమాదం. పని ముంచెత్తినప్పుడు అందరూ పక్కవాళ్ల డెస్క్ కూడా చూస్తారు. ఖాళీగా ఉన్న రాత్రి ఎవరూ ఎవరినీ అడగరు.

షిఫ్ట్ దిగేటప్పుడు హ్యాండోవర్ ఇచ్చి, వచ్చినవాళ్లు "నా దగ్గరుంది" అని నోటితో అన్నాకే లేవండి. లేచేముందు లాగ్‌ఔట్ చేయండి. మీ పేరుతో తెరిచి ఉన్న తెర మీద ఇంకెవరో తొందరలో రిలీజ్ చేసినా, కాగితం మీద పడేది మీ సంతకమే.